మిరపకాయ బజ్జీ పరీక్ష

కడుపులో పుండు మానిందో లేదో మళ్లీ గొంతులోంచి ట్యూబు వేసి చూడాలని డాక్టరు రమ్మన్నాడు. నేను మిరపకాయ బజ్జీ తిని, మంట రాలేదు కాబట్టి పాసయ్యానని తేల్చుకున్న మూర్ఖుణ్ణి. తొంభైల చివర్లో, హోసూరు నుంచి కృష్ణగిరి పోయే బస్సులో పక్క సీటు పెద్దాయనకు ఆ గొప్ప చెప్పి, బజ్జీల పొట్లం ముందుకు చాపాను.

ఆయన బజ్జీ తీసుకోలేదు. చొక్కా పైకెత్తాడు. రొమ్ము కింది నుంచి బొడ్డు దాకా కుట్ల మచ్చ.

"మాత్రలకి నాకూ నొప్పి పోయిందప్పా. మళ్లా చూపించుకోను పోలేదు నేను. ఆ పుండులోనే క్యాన్సరు ఉండింది. సగం కడుపు కోసి తీసేసినారు."

నేను బజ్జీల పొట్లం మడిచేశాను.

శూలగిరిలో దిగుతూ ఆయన నవ్వాడు. "నువ్వూ చూపించుకోను పోవులేప్పా. ట్యూబంటే భయం నీకు, మొగం చూస్తానే తెలస్తా ఉంది."

బజ్జీకి పుట్టని మంట ఆ మాటకు పుట్టింది. మర్నాడే పోయి ట్యూబు మింగాను. కడుపులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు; క్యాన్సరు లేదన్నారు. నేను పోనన్న పెద్దాయన జోస్యాన్ని అబద్ధం చేశాను. ఆయన మీద నేను తీర్చుకోగలిగిన పగ అంతే.