నా ఫ్లాపీలు వెళ్లిన ఊళ్లు

తొంభైల చివర్లో నేను చోడవరంలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. బస్టాండుకి దగ్గర్లో మేడ మీద రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు. చెరకు క్రషింగ్ రోజుల్లో కిటికీ తెరిస్తే చక్కెర ఫ్యాక్టరీ వాసన, మూస్తే మానిటర్ల వేడి. విశాఖపట్నంలో ఆరు నెలల కోర్సు చేసి వచ్చాను కాబట్టి, ఈ చుట్టుపక్కల ప్రోగ్రాం రాయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే అనే ధీమా ఉండేది. ప్రైవేటు స్కూళ్ల కోసం ఒక ప్రోగ్రాం రాశాను కూడా. మార్కులు టైపు చేస్తే మొత్తం, ర్యాంకు అదే వేసి ప్రోగ్రెస్ కార్డు ప్రింటు తీస్తుంది. మూడు ఫ్లాపీల్లో పట్టేది. వడ్డాదిలో ఒక స్కూలుకి, చీడికాడలో ఒక స్కూలుకి నేనే వెళ్లి ఎక్కించి వచ్చాను.

మా ఇన్‌స్టిట్యూట్‌లో నాలుగో కంప్యూటరు మీద ఒకావిడ తెలుగు డీటీపీ చేసేది. అనకాపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్లాయనకి అక్కడ టైలరింగు షాపు. నాకంటే పదేళ్లు పెద్ద కాబట్టి అక్కా అని పిలిచేవాణ్ణి. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు, ఏవైనా ప్రింటు తీశాక ఒక చెక్క స్కేలు లైను కింద లైనుగా జరుపుతూ ప్రూఫు చూసేది. ఆ స్కేలు జరుగుతున్నంతసేపు ఎవరు పిలిచినా తలెత్తేది కాదు.

ఒక సాయంత్రం నా ప్రోగ్రాంని ఆ నాలుగో కంప్యూటర్లో కూడా ఎక్కించాను. మర్నాడు పొద్దున్న ఆవిడ తెలుగు సాఫ్ట్‌వేరు తెరుచుకోలేదు.

"ఏటి తమ్ముడూ ఇది? నిన్నటి దాకా బాగానే ఉంది. ఇప్పుడు తెరవమంటే ఏదో ఇంగ్లీషులో తిట్టి మూసుకుపోతంది."

"వైరస్ వచ్చుంటుంది అక్కా," అన్నాను. కనీసం కుర్చీలోంచి లేవలేదు.

ఆవిడ తన ఫ్లాపీలు తెచ్చి మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకుంది. తెలుగు వచ్చింది. కానీ ఆ మధ్యాహ్నం నా ప్రోగ్రాంలో ప్రింటు నొక్కితే కార్డు రాలేదు, ఎర్రర్ వచ్చింది. నేను నాది మళ్లీ ఎక్కించాను. కార్డులొచ్చాయి, ఆవిడ తెలుగు పోయింది. ఒక్క వారంలో ఇలా మూడుసార్లయింది. మూడోసారికి మేమిద్దరం ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం తగ్గించేశాం. ఆవిడ సాఫ్ట్‌వేరు నాసిరకం అని నేను మా ఓనరుతో అన్నాను. ఆ మాట ఆవిడకి వినబడేలాగే అన్నాను.

తర్వాతి సోమవారం ఆవిడ నన్ను పిలిచింది. బల్ల మీద రెండు ప్రింటు కట్టలు పక్కపక్కన పరిచి ఉన్నాయి.

"ఇలా కూకో. నా ఫ్లాపీలు ఎక్కించేక ఈ ప్రింటు తీసేను. నువ్వు నీవి ఎక్కించేక ఇది తీసేను. సిస్టమ్ ఫోల్డర్లో ఫైళ్ల పేర్లు, తారీకులు, సైజులు. పోగ్రాములు నాకు తెలీవు గానీ ప్రూఫు సూడ్డం తెలుసు."

స్కేలు ఒక్కో లైనే దిగుతూ వచ్చింది. రెండింట్లోనూ అవే పేర్లు, అవే తేదీలు. మూడో పేజీలో ఒకచోట ఆగింది.

"ఇక్కడ సూడు. పేరు ఒకటే. తారీకు వేరు. నా దాంట్లో కొత్తది, నీ దాంట్లో పాతది."

అది ఒక డీఎల్ఎల్ ఫైలు. ప్రతి ప్రోగ్రామూ అన్ని పనులూ తనే చేసుకోదు. ప్రింటు తీయడం లాంటి పనులకి ఇలాంటి ఉమ్మడి ఫైళ్లని నాలుగైదు ప్రోగ్రాములు కలిసి వాడుకుంటాయి. నేను నా ప్రోగ్రాం రాసిన కంప్యూటర్లో ఆ ఫైలు పాతది ఉండేది. నా ఫ్లాపీ ఎక్కడికి వెళ్లినా, అక్కడ అంతకంటే కొత్తది ఉందా లేదా అని చూడకుండా దాన్ని తీసేసి పాతది పెట్టేది. ఆవిడ సాఫ్ట్‌వేరుకి కొత్తదే కావాలి. నా ప్రోగ్రాంకి ఆ కొత్తదాంతో ప్రింటు రాదు. రెండూ ఒకే చోట ఉండలేకపోవడానికి కారణం అంతే. అందులో ఆవిడ తప్పు ఏమీ లేదు. పెట్టేముందు చూడాలన్న ఆలోచన కూడా లేకుండా ఫ్లాపీ చేసినవాణ్ణి నేను.

నేను క్షమించమని అడగబోతుంటే ఆవిడ ఇంకో మాట అడిగింది.

"మరి నీ ఫ్లాపీలు ఇంకెక్కడెక్కడ ఎక్కించేవు?"

నెల కిందట వడ్డాది స్కూలు కరస్పాండెంటు ఫోన్ చేశాడు. తెలుగు ప్రశ్నపత్రాలు తెరుచుకోవడం లేదన్నాడు. వైరస్ అన్నాను. డిస్కులో ఉన్నదంతా చెరిపేసి ఫార్మాట్ చేసుకోండి అన్నాను. ఎలా చెయ్యాలో ఫోన్లోనే చెప్పాను కూడా. పది రోజుల కిందట చీడికాడ స్కూలు నుంచి అదే ఫోను వచ్చింది. నేను అదే జవాబు చెప్పాను.

మూడు రోజులు కూర్చుని కొత్త ఫైలుతో పనిచేసేలా నా ప్రోగ్రాం మార్చాను. ఎక్కించేముందు అక్కడున్న ఫైలు ఏదో చూసుకుని, కొత్తదైతే ముట్టుకోకుండా వదిలేసేలా ఫ్లాపీని కూడా మార్చాను. నాలుగో కంప్యూటర్లో రెండు ప్రోగ్రాములూ ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకున్నాయి. అక్క రెండు ప్రింట్లు తీసి స్కేలు పెట్టి చూసి, "ఇప్పుడెల్లు," అంది.

పొద్దున్న బస్సుకి వడ్డాది వెళ్లాను. కరస్పాండెంటు తన గదిలో ఉన్నాడు. నిలబడే విషయం చెప్పాను. ఆయన మొదట అర్థం కానట్టు చూశాడు.

"వైరస్ అన్నావు కదా?"

"కాదండి. నా ఫ్లాపీ వల్లే."

"అంటే ఉత్తినే ఫార్మాట్ సేసీసేమా? రెండేళ్ల పేపర్లయ్యా అవి! మా మాస్టార్లు కూకుని టైపు సేసినవి."

"తప్పయిపోయిందండి."

"నీకు తెలీకపోతే తెలీదని సెప్పొచ్చు కదా. తెలిసినట్టు వైరస్ అని ఎందుకు సెప్పేవు?"

ఫార్మాట్ అయ్యాక నేనిచ్చిన ఫ్లాపీలతో మళ్లీ ఎక్కించుకున్న నా ప్రోగ్రాంని ఆయన తీసెయ్యమన్నాడు. ఆయన ఎదురుగానే తీసేశాను. ఫైలు సరిచేసి, ఆయన తెలుగు సాఫ్ట్‌వేరు తెరిచి చూపించాను. లోపల ఒక్క ప్రశ్నపత్రం కూడా లేదు.

బయటికొచ్చాక మధ్యాహ్నం బస్సు కోసం ఆగలేదు. దొరికిన ఆటో ఎక్కి, అది దింపిన చోటు నుంచి ఇంకొకటి మారి చీడికాడ చేరాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన: వాళ్లు కూడా ఫార్మాట్ చేసేసి ఉంటే?

చీడికాడ స్కూల్లో కంప్యూటరు చూసుకునేది ఒక రిటైరైన తెలుగు మాస్టారు. ఆయనకి టైపు వచ్చిందే ఆ ఏడాది, అదీ రెండు చూపుడువేళ్లతో. నేను వెళ్లేసరికి కంప్యూటరు మీద తువ్వాలు కప్పి ఉంది.

"ఫార్మాట్ చేసేశారా మాస్టారూ?"

"సైన్సు మాస్టారు రెండుసార్లు వచ్చేరు సేసీడానికి. నేనే వద్దన్నాను బాబూ. అందులో నా పాటలున్నాయి."

చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు వరినాట్లప్పుడు పాడే పాటలు. ఆయన చేలగట్ల మీద కూర్చుని విని రాసుకుని, రెండు నెలల పాటు టైపు చేశారు. చేత్తో రాసుకున్న పుస్తకం వర్షానికి తడిసి సగం పోయిందట. పాడినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరట.

"ఏదో నొక్కకూడనిది నొక్కీసి నేనే ఆ వైరస్ తెచ్చేననుకున్నాను. మా ఆవిడకి కూడా అదే సెప్పేను. ఈ వయసులో నీకెందుకయ్యా అది, అంది. అప్పటి నుంచి దాని జోలికి ఎల్లలేదు."

"మీరేం నొక్కలేదు మాస్టారూ. తప్పు నాది." మొత్తం చెప్పాను. వడ్డాది సంగతి కూడా చెప్పాను.

కొత్త ఫైలు పెట్టి, మార్చిన ప్రోగ్రాం ఎక్కించి, తెలుగు సాఫ్ట్‌వేరు తెరిచాను. ఒక్క నిమిషం తెర ఖాళీగా ఉంది. తర్వాత మొదటి పాట వచ్చింది. మాస్టారు కళ్లజోడు సర్దుకుని, పెదాలు కదుపుతూ చివరిదాకా చదివారు. సంతోషిస్తారనుకున్నాను. ఆయన కోప్పడ్డారు. పెద్దగా కాదు.

"రెండు వారాలు నన్ను నేనే తిట్టుకున్నాను బాబూ. మిషన్ది కూడా తప్పు ఉండొచ్చని ఒక్క మాట అనొచ్చు కదా ఫోన్లో."

తర్వాత అన్నీ ప్రింటు తియ్యమన్నారు, అప్పుడే, తన ఎదురుగానే. రిబ్బను అరిగిపోయిన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. అక్షరాలు పాలిపోయి వచ్చాయి. ఆయన ఒక్కో కాగితం చింపి, వెలుతురుకి పెట్టి చూసి, సంచిలో పెట్టుకున్నారు. ఆఖరి బస్సు అందేలోగా అరవై పేజీలు పూర్తయ్యాయి. నా ప్రోగ్రాం ఉంచాలా తియ్యాలా అని అడిగితే, "ఉండనీ, పిల్లలకి పనికొస్తాది," అన్నారు.

వడ్డాదికి రెండుసార్లు ఉత్తరం రాశాను, పోయిన పేపర్లు నేనే టైపు చేసి ఇస్తానని. జవాబు రాలేదు. నెలన్నర తర్వాత బస్సు కండక్టరు చేత ఒక కట్ట పంపారు. మాస్టార్ల దగ్గర మిగిలిన పాత పేపర్లు, చేతిరాతవి, ఎప్పుడో తీసిన ప్రింట్లు. నాకు తెలుగు టైపు సరిగా రాదు. అక్క తన పనయ్యాక రోజుకి రెండు పేపర్లు టైపు చేసింది. నేను పక్కన కూర్చుని చదివేవాణ్ణి, తర్వాత స్కేలు పట్టుకుని ప్రూఫు చూసేవాణ్ణి. నేను వదిలేసిన తప్పులు ఆవిడ పట్టుకునేది.

అన్నీ పూర్తయ్యాక ప్రింట్లూ ఫ్లాపీలూ పట్టుకుని వడ్డాది వెళ్లాను. కరస్పాండెంటు ఒక్కో క్లాసు పేపర్లూ విడదీసి చూసుకున్నాడు. ఎనిమిదో తరగతి సోషల్ దగ్గర ఒకటి తగ్గింది. అది ఎవరి దగ్గరా దొరకలేదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. కాగితాలు బీరువాలో పెట్టి నన్ను కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. ప్రోగ్రాం మాట నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.