అంచు దాకే

కొబ్బరిపాలు కలిపిన పిండి వేడి నూనెలోకి దిగగానే చుయ్యిమన్న చప్పుడు, ఆ వెంటనే నువ్వుల వాసన. డిసెంబరులో తిరుపతిలోని మా వంటగదిలో ఈ రెండూ కలిసినప్పుడల్లా మా అత్తమ్మ గ్రేసమ్మ నా వెనక నిలబడి, నా పనితనం చూసి నవ్వు ఆపుకుంటున్నట్టే ఉంటుంది. ఆమె పోయి కొన్నేళ్లయింది. నవ్వు మాత్రం పోలేదు. నగరిలో మగ్గాల చప్పుళ్ల మధ్య పెరిగినందువల్లనేమో, ఆమె గొంతు పెద్దది. రహస్యం చెప్పినా వీధి చివరిదాకా వినపడేది.

ఆమె కూతురు ఎస్తేరును పెళ్లి చేసుకున్నాక మా అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. ఉండేది రెండు వీధుల అవతలే. వెళితే తలుపు తీసేది, మంచినీళ్లు ఇచ్చేది, మాట మాత్రం ఇచ్చేది కాదు. ఆ దిగులుతోనే మొదటి క్రిస్మస్‌కు నగరి వెళ్లాను. ఈ ఇంట్లోనైనా పూర్తిగా కలిసిపోవాలని నా పట్టుదల. వాళ్లేమో ఒకరి మాటను ఇంకొకరు పూర్తి చేసే కుటుంబం. వాకిట్లో ఒకరు పాట ఎత్తుకుంటే వంటింట్లోంచి మరొకరు అందుకునేవారు. నేనూ అందుకోబోయాను. "నువ్వు చప్పట్లు కొట్టు, చాలు" అంది ఎస్తేరు.

పండగ ముందురోజు మధ్యాహ్నం గులాబీ పువ్వులు వండుతున్నారు. అల్లుడి మర్యాదల మధ్య కుర్చీలో కూర్చోలేక పొయ్యి దగ్గరకు వెళ్లాను. అత్తమ్మ పువ్వు ఆకారంలో ఉన్న ఇనుప అచ్చు నా చేతికిచ్చింది. ఉత్సాహం కొద్దీ దాన్ని పిండిలో నిండా ముంచి నూనెలో పెట్టాను. ఎంత విదిలించినా పువ్వు విడిపోలేదు. ఆ అచ్చు నాకు అచ్చిరాలేదు.

"అట్ల ముంచేస్తే ఎట్లొస్తాది అల్లుడా? అంచు దాకే ముంచల్ల. పైన గూడా పిండి మూసుకుంటే పువ్వు యాడికని వస్తాది?" అంది. మాడిన ముక్కలను కత్తితో గీకి నా చేతిలోనే పోసింది. "తిను. నువ్వు చేసిందే గదా!"

మర్నాడు చర్చిలో వాళ్లు లేస్తే లేచాను, మోకరిస్తే మోకరించాను. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి జనం వరుస కట్టగానే నేనూ కట్టాను. అది బాప్తిస్మం తీసుకున్నవాళ్లకేనని నాకు తెలియదు. వెనక నుంచి ఎవరో చొక్కా లాగారు.

"యాడికప్పా?" అత్తమ్మ గుసగుస. సగం చర్చి తిరిగి చూసింది.

"అందరూ వెళ్తుంటే..."

"నిన్న చెప్పింది మరిసిపోయినావా? అంచు దాకే."

బయటికి వచ్చాక చెప్పుల దగ్గర నన్ను ఆపింది. ఈసారి నిజంగానే గొంతు తగ్గించింది. "నువ్వు మా మాదిరి కాలేదని ఈడ ఎవురూ ఏడస్తా లేరు నాయనా. నువ్వు మొత్తం ఈడనే మునిగిపోతే, మీ అమ్మకు యాడ దొరుకుతావు?"

అమ్మ సంగతి నేను ఆ ఇంట్లో ఎత్తనే లేదు. తలవంచుకుని చెప్పులు వేసుకున్నాను. ఎడమ కాలికి మామగారి చెప్పు వేసుకున్నానని ఇంటికెళ్లాక తెలిసింది.

బయల్దేరేటప్పుడు అత్తమ్మ ఒక స్టీలు డబ్బా ఇచ్చింది. "మీ అమ్మకు. పిండిలో గుడ్డు కొట్టకముందే, కొత్త నూనెలో తీసిన మొదటి వాయి ఇది. గుడ్డు తగల్లేదని చెప్పు."

తిరుపతిలో దిగగానే అమ్మ దగ్గరికి వెళ్లి, చెప్పమన్నది చెప్పాను. అమ్మ మూత తీసింది. చాలాసేపు చూసింది. ఒక రేకు విరిచి నోట్లో వేసుకుంది.

"కొబ్బరిపాలా?" అంది.

పెళ్లి తర్వాత నాతో ఆమె అన్న మొదటి మాట అది. "అవునమ్మా" అంటే సరిపోయేది. నేను ఆ వంటంతా, మాడిన పువ్వుతో సహా, గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

వారం తిరిగేలోపు అమ్మ ఆ డబ్బా నిండా నిప్పట్లు, అదే కారం చెక్కలు, చేసి నగరికి పంపమంది. నేనే పట్టుకెళ్లాను. అత్తమ్మ ఒకటి కొరికి, "మీ అమ్మకు కోపం ఇంకా ఉండాది అల్లుడా. కారం సూడు!" అంటూ నవ్వింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. కారానికేనంది.

అల్లుణ్ని కొడుకులా చూసుకున్నారని మనం గొప్పగా చెప్పుకుంటాం. అత్తమ్మ నన్ను మా అమ్మ కొడుకుగానే ఉండనిచ్చింది. అంతకన్నా పెద్ద మనసు నేను చూడలేదు.

ఇప్పుడు మా వంటగదిలో స్టూలు మీద అమ్మ కూర్చుంటుంది. "గుడ్డు కలపలేదు గదరా?" అని ప్రతి ఏడూ అడుగుతుంది. మొదటి వాయి ఆమెదే. ఎస్తేరు పాట ఎత్తుకుంటుంది. నేను చప్పట్లు కొట్టలేను, చేతిలో అచ్చు ఉంటుంది. దాన్ని పిండిలోకి దించుతాను. అంచు దగ్గరకు రాగానే, వెనక ఎవరో చొక్కా లాగినట్టు, నా చెయ్యి ఆగిపోతుంది.