చాయ్ గ్లాసులు దించేదాకా

ఆరాధన అయ్యాక వెనక గదిలో అల్లం చాయ్ వాసన వస్తే నాకు రత్నమ్మక్కే గుర్తొస్తుంది. మా రాయచూరు తెలుగు క్రైస్తవ సంఘానికి చాలా ఏళ్లు అధ్యక్షురాలు, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఆమె గొంతుకి మైకు అక్కర్లేదు. నేను కమిటీ కార్యదర్శిని. నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టే మనిషిని.

పాస్టరుగారికి వీలుపడటం లేదని, పక్క ఊరు కల్మలలో శనివారం ప్రార్థన ఆపేసి అక్కడివాళ్లను రాయచూరుకే రమ్మందామని ఒక మీటింగులో మాటొచ్చింది. కమిటీలో పాస్టరుగారితో ప్రతి వారం అక్కడికి వెళ్లేది నేనే. "సుజాతా, ఏమంటవు?" అని అక్క అడిగింది. నేను మాటలు కూడగట్టుకునేలోపే, "సుజాత సరే అంటది, రాసుకో" అని తనే జవాబు చెప్పేసింది. 'అందరూ ఒప్పుకున్నారు' అని నా చేత్తోనే మినిట్స్ రాశాను. ఆ వారమంతా నా మీద నాకే అసహ్యం వేసింది.

తర్వాతి మీటింగులో నేను చదివి వినిపించాక అక్క సంతకం పెడితేనే ఆ తీర్మానం ఖాయం. ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి చదవడం ఆపేశాను. ఎవరో అందుకోబోతుంటే అక్క చెయ్యెత్తింది. "ఆగుండ్రి. ఆమెను చాయ్ తాగనియ్యుండ్రి. గ్లాసులు దించేదాకా ఎవ్వరూ మాట్లాడొద్దు."

అంతసేపు నోరు మూసుకోవడం ఆమెకెంత కష్టమో, పెదాలు కొరుక్కోవడం చూస్తేనే తెలిసింది. గ్లాసు దించాను.

"నేను ఒప్పుకోలేదక్కా. కల్మల శాంతమ్మవ్వకు మంచం దిగ చాతగాదు. మనం పాడితే పెదవులు కదుపుతది. వాళ్లు రాలేరు, మనమే పోవాలె."

అక్క ఆ వాక్యాన్ని తనే కొట్టేసింది. "నా నోటితోని నీ జవాబు గూడ నేనే చెప్పిన. తప్పు నాది. ఇగ నువ్వు ఆలోచించి చెప్పు, నేను ఊరంత చెప్త."

అన్నట్టే చేసింది. ఇంటింటికీ తిరిగి, పాస్టరుగారు లేని వారాల్లో ఎవరు వెళ్లాలో వంతులు వేయించింది. అంత చొరవ నాకు ఏడు జన్మలెత్తినా రాదు. ఆ వంతులు ఇప్పటికీ నడుస్తున్నాయి. పోయిన శనివారం కల్మలలో ఇల్లు చాలక వాకిట్లో చాపలు పరిచాం. ఆనందం పట్టలేకపోయాను.

అక్క ఇప్పుడు లేదు. ఆమె కుర్చీలో నేనున్నాను. మా గదిలో ఏ తీర్మానానికైనా ముందు చాయ్ వస్తుంది, అందరూ మౌనంగా తాగుతారు. కొత్తవాళ్లు మేం పోట్లాడుకున్నామేమో అనుకుంటారు. గ్లాసులన్నీ దించాక, అప్పటిదాకా ఒక్క మాటా అనని మనిషి వైపు తిరిగి "మీరేమంటారు?" అని అడుగుతాను. ఆ జవాబు వచ్చేదాకా సంతకానికి పెన్ను మూత తియ్యను.