జవాబు వచ్చేదాకా కదలని చెయ్యి

పోయిన నెలలో ఒక ఉదయం మా మావగారు వరండాలో కుర్చీలో కూర్చుని, టీ గ్లాసు చేతిలో ఉండగానే వెళ్ళిపోయారు. నేను బడికి బయల్దేరుతూ "వెళ్ళొస్తాను మావయ్యా" అన్నాను. బదులు రాలేదు. పిలిస్తే పలకని మనిషి కాదు కాబట్టి వెనక్కి వచ్చి చూశాను. కళ్ళు మూసుకుని ఉన్నారు. గ్లాసు మాత్రం ఒళ్ళో, రెండు చేతుల మధ్య నిటారుగా ఉంది. చుక్క కూడా ఒలకలేదు.

ఆ చేతి గురించి మీకు చెప్పాలి. ఖరగ్‌పూర్‌లో ఆయన్ని చాలామంది మెయిల్ బండ్లు నడిపిన డ్రైవరుగా ఎరుగుదురు. నాకు మాత్రం ఆయన, తన చేతిని తానే పోగొట్టుకుని మళ్ళీ గెలిచి తెచ్చుకున్న మనిషి. అది తలుచుకుంటే ఏడుస్తున్నదాన్ని ఏడుస్తూనే నవ్వేస్తాను.

నేను విజయనగరం దగ్గర నుంచి కోడలిగా ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని రైల్వే క్వార్టరుకి వచ్చేసరికి అత్తగారు లేరు, మావగారు రిటైరై ఉన్నారు. వచ్చిన కొత్తలో ఒకసారి ముగ్గురం ఆటోలో మలంచా వైపు వెళ్తున్నాం. ట్రాఫిక్ దీపం కనబడగానే ఆయన చెయ్యెత్తి దానివైపు చూపించి "స్టాప్" అని ఒక్క కేక పెట్టారు. ఆటో అబ్బాయి అదిరిపడి బ్రేకు తొక్కాడు. మా ఆయన సిగ్గుతో ముఖం అటు తిప్పుకున్నాడు. ఇంటికొచ్చాక మావగారే విడమర్చి చెప్పారు. ఇంజనులో డ్రైవరు సిగ్నల్ చూసి, చెయ్యెత్తి, అదేమిటో పైకి చెప్పాలట. పక్కనున్న అసిస్టెంటు తన కళ్ళతో తాను చూసుకుని అదే మాట తిరిగి చెప్పాలట.

"నానొక్కడినీ సూస్తే సాలదమ్మా. నా కళ్ళు నన్ను మోసం సెయ్యొచ్చు. రెండోవోడి నోటంట అదే మాట రావాల. జవాబు రాకుండా కదలకూడదు" అన్నారు.

తరవాతి వారం మళ్ళీ అదే దీపం దగ్గర ఆయన "ప్రొసీడ్" అనగానే, నేనూ చెయ్యెత్తి "ప్రొసీడ్" అన్నాను. ఆయన నా వంక తిరిగి చూసి, జేబులోంచి ఒక వక్కపొడి పొట్లం తీసి చేతిలో పెట్టారు. ఆ పూట నుంచి నేను ఆయనకి అసిస్టెంటుని. "ఇంట్లో ఒకరు చాలక ఇప్పుడు ఇద్దరు" అని మా ఆయన నుదురు కొట్టుకున్నాడు.

ఆయన్ని గోల్ఫుకి లాక్కెళ్ళింది టీసీ దాదా. ఆయనా రిటైరైనవాడే, టికెట్ కలెక్టరుగా చేశాడు, బెంగాలీ, మావగారికి ప్రాణస్నేహితుడు. ఊరి చివర రైల్వే వాళ్ళ గోల్ఫు మైదానం ఉంది. పేరుకి గోల్ఫు గానీ సగం ఎర్ర మొరం నేల, సగం మేకలు. అక్కడ మావగారికి కొత్త ప్రాణం వచ్చింది. బంతిని ఆయన కొడితే దూరంగా ఎక్కడో తేలేది. చలికాలంలో రిటైరైన వాళ్ళంతా కలిసి ఒక పోటీ ఆడుకుంటారు. ఆ కప్పు గెలవాలన్నది ఆయన కోరిక.

ఒక ఏడాది దాన్ని గెలిచినంత పని చేశారు. బంతి వెయ్యాల్సిన చివరి గుంట దగ్గరకి వచ్చేశారు. అక్కడ కావలసింది చిన్న దెబ్బ. బంతిని కొంచెం లేపి గుంటలో పాతిన జెండా పక్కన దింపితే చాలు, దాన్నే చిప్ అంటారు. ఆయన స్టిక్కు ఎత్తారు. మధ్యలో చెయ్యి తనంతట తానే జర్కు ఇచ్చింది. స్టిక్కు నేలలో దిగబడి బంతి మూరెడు దొర్లింది. మళ్ళీ కొడితే జెండా మీదుగా ఎగిరి అవతల తుప్పల్లో పడింది. అటునుంచి కొడితే తిరిగి ఇటే వచ్చింది.

"క్యా డ్రైవర్ సాహెబ్, షంటింగ్ చల్ రహా హై?" అన్నాడు దాదా, యార్డులో ఇంజను అటూ ఇటూ తిరిగినట్టుందని. అందరూ నవ్వారు, మావగారు కూడా నవ్వారు. కానీ ఆ తరవాత ఎప్పుడు గుంట దగ్గరికి వచ్చినా అదే వరస. దూరం దెబ్బలు దివ్యంగా ఉండేవి, ఆ చిన్న దెబ్బ దగ్గరే చెయ్యి ఎదురు తిరిగేది. కొన్నాళ్ళకి ఆయన మైదానానికి వెళ్ళడం మానేశారు. స్టిక్కుల సంచి మంచం కిందకి చేరింది. దాదా వచ్చి పిలిస్తే తలనొప్పి అని చెప్పించేవారు.

నేను ఫోనులో వెతికాను. దీనికి యిప్స్ అని ఒక పేరుందనీ, పెద్ద పెద్ద ఆటగాళ్ళకీ వస్తుందనీ చదివి వినిపించాను.

"పేరెట్టీస్తే తగ్గిపోద్దేటమ్మా" అన్నారు.

డాక్టరు చెయ్యి చాపించి, ముడిపించి, ఏ జబ్బూ లేదన్నాడు. నిజమే, ఆ చేత్తోనే ఆయన సూదిలోకి దారం ఎక్కించేవారు. అయినా ముఖంలో వెలుగు రాలేదు. ఒక సాయంత్రం వరండాలో చిక్కుళ్ళు ఒలుస్తుంటే, తల ఎత్తకుండా అసలు మాట బయటపెట్టారు.

"ఈ సెయ్యి ముందునుంచీ ఇలాగే ఉండేదేటో. నాకే తెలీకుండా బండి నడిపీసినానేమో. ఎనకాల అంతమంది నిద్దరోయేవోరు అమ్మా."

అప్పుడు నాకు అర్థమైంది, ఆయన బెంగ కప్పు గురించి కాదని. ఉద్యోగమంతా ఏ చేతిని నమ్మి బతికారో ఆ చేతినే ఇప్పుడు అనుమానిస్తున్నారు. ఏం చెప్పినా ఓదార్పు మాటలానే ఉంటుందనిపించింది.

మర్నాడు సంచి నేనే బయటికి లాగి, నాకు ఆట నేర్పమని వెంటపడ్డాను. కోడలు అడిగితే కాదనలేరని తెలుసు. పెరట్లో బట్టలు నానబెట్టే రేకు తొట్టిని గోడవారగా పెట్టి, అందులో బంతి వెయ్యడం నేర్పారు. నాకు తొందరగానే వచ్చింది. బంతి పడ్డప్పుడల్లా తొట్టి ఖంగుమనేది. ఆయన కొడితే మాత్రం తొట్టి తప్ప అన్నీ మోగేవి. ఒకసారి పక్కింటి దీదీ వాళ్ళ చేపల పెనం కూడా మోగింది.

అలాంటి ఒక ఉదయం నేను బట్టలు ఆరేస్తున్నాను. ఆయన బంతి ముందు నిలబడి తన చేతివైపే చూసుకుంటున్నారు, తప్పు చేసిన పిల్లాడిని చూసినట్టు. నాకు విసుగూ జాలీ రెండూ వచ్చాయి. తడి చీర దండెం మీద వేస్తూ వేళాకోళానికి అడిగాను.

"సిగ్నల్ ఏటి మావయ్యా?"

పాత అలవాటు కదా, తల దానంతట అదే లేచింది. చెయ్యెత్తి తొట్టి వైపు చూపించి "ప్రొసీడ్" అన్నారు.

"ప్రొసీడ్" అన్నాను నేను.

ఆ వెంటనే, చేతివైపు చూడకుండానే, కొట్టేశారు. తొట్టి ఖంగుమంది.

ఆయన ఇంకో బంతి పెట్టి చెయ్యెత్తారు. నేను జవాబు చెప్పాను. తొట్టి మోగింది. అప్పుడు ఆయన పెరటి గట్టు మీద కూర్చుని, "బండి తోలినన్నాళ్ళూ సేతికేసి ఎప్పుడు సూసినాను? దారికేసి సూసేవోడిని. సెయ్యి దాని పని అది సేసుకునేది" అన్నారు. ఆ రోజు నాకు స్కూలుకి గంట ఆలస్యమైంది. నాకేమీ బాధ వెయ్యలేదు.

మళ్ళీ చలికాలం వచ్చింది. పోటీలో సంచి నేనే మోశాను. మొదటి గుంట దగ్గర మావగారు చెయ్యెత్తి చెప్పడం, నేను తిరిగి చెప్పడం చూసి జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. సగం ఆట అయ్యేసరికి నవ్వులు ఆగిపోయాయి. ఆయన దింపిన ప్రతి బంతీ జెండా పక్కనే ఆగుతోంది మరి. చివరి గుంట దగ్గర దాదా, ఆయనా సమానంగా ఉన్నారు. తక్కువ దెబ్బలు పడ్డవాళ్ళదే గెలుపు, దాదాకి ఇంకా రెండైనా పడతాయి. మావగారి బంతి గట్టి మొరం మీద ఉంది, చిప్ చేసి ఒక్క దెబ్బలో గుంటలో వేస్తే కప్పు ఆయనదే. కిందటేడు పరువు పోయింది సరిగ్గా అక్కడే.

ఆయన చెయ్యెత్తారు. "ప్రొసీడ్."

నా గొంతు పెగల్లేదు. పెదాలు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. ఆయన కదల్లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నారు. ఆ నిశ్శబ్దం భరించలేక దాదాయే, ఓడిపోతానని తెలిసీ, "ఠీక్ హై భాయ్, ప్రొసీడ్" అన్నాడు.

మావగారు తల అడ్డంగా ఆడించారు. "నువ్ కాదు దాదా. నా అసిస్టెంటు సెప్పాల."

ఈ మాట అంత నెమ్మదిగా, అంతమంది ముందు, కోడలి గురించి అన్నారు. ఎంతసేపైనా ఆగుతాను, నీ కళ్ళతో నువ్వు చూసి చెప్పు అన్నట్టు నిలబడ్డారు. నేను జెండా వైపు చూశాను. దారి తిన్నగా ఉంది.

"ప్రొసీడ్" అన్నాను. కేకే పెట్టానేమో, మేకలు బెదిరిపోయాయి.

బంతి తక్కువ ఎత్తులో లేచి, గడ్డి మీద దిగి, తొందర లేకుండా దొర్లుకుంటూ వెళ్ళి జెండా కర్రకి టక్కున తగిలి లోపల పడింది. దాదా తన స్టిక్కు అవతల పారేసి, పరిగెత్తుకొచ్చి మావగారిని నడుం పట్టుకుని ఎత్తేశాడు. ఇద్దరూ కలిసి పడ్డారు. నేను పైట అడ్డం పెట్టుకుని ఏడ్చాను, గెలిచినందుకే ఏడ్చాను.

ఆ కప్పు అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఇప్పుడది మా వంటింట్లో చెంచాలు పెట్టుకోవడానికి పనికొస్తోంది, అలా పెట్టింది ఆయనే. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ, "సెయ్యి బాగానే ఉందమ్మా. అప్పుడూ బాగానే ఉండేది" అన్నారు. ఆ రెండో మాట కోసమే మేమిద్దరం ఏడాది కష్టపడ్డాం అనుకుంటాను.

నేను లెక్కల టీచరుని. ఆయన నాకు ఆట ఒక్కటే నేర్పలేదు. క్లాసులో ప్రశ్న అడిగి, ఏ పిల్ల నోరైనా పెగలకపోతే, పక్కవాళ్ళ చేత చెప్పించెయ్యకుండా ఆగుతున్నాను. నా కోసం ఒకాయన ఆగారు, ఆగితే గొంతు వస్తుందని నాకు తెలుసు.

ఆయన పోయిన రోజు దాదా వచ్చి ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. కర్మలు అయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. ఇల్లు ఖాళీ అయిన మర్నాడు పొద్దున్నే పెరట్లోకి వెళ్ళాను. రేకు తొట్టి సొట్టలతో గోడవారనే ఉంది. ఒక బంతి కింద పెట్టి, ఆయన స్టిక్కు పట్టుకుని, చెయ్యెత్తి తొట్టి వైపు చూపించి "ప్రొసీడ్" అన్నాను.

జవాబు చెప్పేవారు లేరు. అయినా కదలబుద్ధి కాలేదు. అలాగే నిలబడ్డాను.

వెనక తలుపు దగ్గర అలికిడైంది. ఈ ఆటంతా పిచ్చి అని ఇన్నేళ్ళూ పెరటి గడప దాటని మా ఆయన, నోట్లో పేస్టు నురగతో, చేతిలో బ్రష్షుతో నిలబడి ఉన్నాడు. తొట్టి వైపు ఒకసారి తేరిపార చూశాడు. బ్రష్షు ఉన్న చెయ్యి ఎత్తాడు.

"ప్రొసీడ్" అన్నాడు.

కొట్టాను. తొట్టి ఖంగుమంది. ఆ మోత పూర్తిగా ఆగేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.