గింజ తరగని ఓరుగల్లు

2007 వేసవిలో సన్నీవేల్‌లోని ఒక వీడియోగేమ్ కంపెనీలో టెస్ట్ లీడ్‌గా చేరాను. ఆట మార్కెట్‌లోకి వెళ్లేముందు దాన్ని అన్నివిధాలా చెడగొట్టి చూడటం మా పని. దొరికిన బగ్‌కి తీవ్రతను బట్టి సెవెరిటీ వేస్తాం. సెవెరిటీ వన్ పడితే ఆ భాగం విడుదల కాదు.

అది మధ్యయుగపు రాజుల యుద్ధాల ఆట. అందులో కాకతీయ ప్రతాపరుద్రుడి అధ్యాయాన్ని డిజైన్ చేసింది మేఘన. అమెరికాలోనే, ఎడిసన్ ఊళ్లో పుట్టి పెరిగిన పిల్ల. తల్లిదండ్రులది వరంగల్, నాదీ అదే. ఆఫీసులో అందరం పేర్లతో పిలుచుకుంటుంటే తను మాత్రం నన్ను అంకుల్ అనేది.

ఢిల్లీ సైన్యం తరఫున ఎవరు ఆడినా ఓరుగల్లు కోట పడటం లేదు. టెస్టర్లు సెవెరిటీ వన్ వేశారు. శుక్రవారంలోగా సరిచేయకపోతే అధ్యాయం తీసేసి వేరే రాజును పెడతానని ప్రొడ్యూసర్ కరెన్ చెప్పేసింది. మా ఊరి పేరు అంతదాకా వచ్చి పోతోందే అని నాకు ప్రాణం ఉసూరుమంది.

అందరూ మట్టికోట గోడ మీద పడ్డారు. రాళ్లు విసిరినా చెక్కుచెదరడం లేదు, బలం తగ్గించమన్నారు. నాకు మనసొప్పలేదు. ఆ గోడ గట్టిదనాన్ని దండెత్తి వచ్చినవాళ్లే రాసుకున్నారు. ఆఖరి ముట్టడిలో కోటను లొంగదీసింది ఆకలి. అంతకుముందు శత్రువు వెనుదిరిగాడని రాజు ధాన్యాగారాలు తెరిపించి ఖాళీ చేశాడంటారు. నెలల్లోనే సైన్యం మళ్లీ వచ్చిపడింది. అందుకని గోడ వదిలేసి ధాన్యం లెక్క చూశాను. కోటలో అంతమంది తింటున్నా ఒక్క గింజ తగ్గడం లేదు!

మేఘనను అడిగాను.

“అది బగ్ కాదు అంకుల్, నేనే ఆఫ్ చేశాను. కింగ్ లూజ్ అవ్వడం నాకు ఇష్టం లేదు.”

నవ్వొచ్చింది, ముద్దూ వచ్చింది. “ఓడే వీలు లేకపోతే అసలు రాజునే పీకేస్తారమ్మా,” అన్నాను.

ధాన్యం తగ్గడాన్ని మళ్లీ ఆన్ చేసింది. తను ఓరుగల్లు, నేను ఢిల్లీ. మా ఊరి మీదికి నేనే దండెత్తాను. ఆటలో కొన్నాళ్లు ముట్టడించి వెనక్కి తగ్గాను. జనం సంతోషిస్తారని తను గబగబా ధాన్యాగారాలన్నీ తెరిచేసింది. నేను తిరిగొచ్చాను.

“అయ్యో, నేనూ అదే చేశానా!” అంది.

కోట పడింది. గోడకి బీట కూడా పడలేదు. అధ్యాయం ఆటలో ఉండిపోయింది.

తర్వాత ఎన్ని ఆటలు పరీక్షించినా, నాకు ఇష్టమైన పక్షం గెలుస్తోందంటే ముందు దాన్నే అనుమానించేవాణ్ణి.