గీకేసిన పుట

ఫ్రా గెరావు లాటిన్‌లో ఉద్దండుడు. తులూజ్‌లో తొమ్మిదేళ్ళు చదివి, అక్కడి పండితుల చేత ఔననిపించుకుని తన ఊరు జిరోనాకి తిరిగొచ్చిన సన్యాసి; పేరు ముందు ఫ్రా అందుకే. అంతటివాడు యాభయ్యో పడిలో పడ్డాక, చేపలమ్మేవాళ్ళూ తోళ్ళు పదునుచేసేవాళ్ళూ మాట్లాడే కటలాన్‌లో ప్రార్థన పుస్తకం రాస్తానని కూర్చుంటే మఠంలో అందరూ నవ్వారు. గుర్రం దిగి గాడిదనెక్కుతున్నాడని ఎద్దేవా చేశారు. గెరావు వాళ్ళతో పాటే నవ్వి, ఈకకలం చెక్కుకున్నాడు.

ఆయన రాసే పద్ధతి కూడా లోకంలో లేనిది. మధ్యాహ్నం మఠం గుమ్మం దగ్గర పేదలకి శనగల పులుసూ రొట్టే పెట్టేవారు. పులుసు చల్లారేలోపు గెరావు గడప మీద కూర్చుని, పొద్దున రాసిన తోలు పుట చదివి వినిపించేవాడు. కుడిచేతిలో పుట, ఎడమచేతిలో సిరా గీకే చిన్న కత్తి. వినేవాళ్ళు ఆవలిస్తే అక్కడికక్కడే ఆ వాక్యం గీకేసేవాడు. చెవులు నిక్కబొడుచుకుంటే "ఉంచుదామా?" అని అడిగేవాడు. వాళ్ళు "ఉంచు" అంటే ఉండేది. వేదాంత పండితులకి తల వంచని మనిషి, పులుసు గిన్నె పట్టుకున్నవాళ్ళ ఆవలింతకి వంచేవాడు. ఈ కథ విన్న నాకు ఆయన మీద గౌరవం మొదలైంది అక్కడే.

ఆ గుంపులో అందరికంటే దూరంగా కూర్చునేది సౌరీనా. ఒన్యార్ ఏట్లో గొర్రెల పేగులు కడిగి బతికే వితంతువు. గాలి ఆమె వైపు నుంచి వీచిందా, జనం గిన్నెలు ఎత్తుకుని జరిగిపోయేవారు. చదువు లేదు గానీ, ఒకసారి విన్నది ఆమె బుర్రలో రాతిమీద గీతలా ఉండిపోయేది.

"ఓ మాట అడగనా అయ్యా?" అందొక రోజు. "బూడిదేసి తోమినా ఈ చేతుల కంపు పోదు. చర్చిలో పక్కనోళ్ళు ముక్కు మూసుకుంటారు. మరి నేనెక్కడ మొక్కుకోవాలంటారు?"

గెరావు మర్నాడు జవాబు రాసుకొచ్చాడు. సౌరీనా ఆవలించింది. గీకేశాడు. మూడు రోజులు ఇదే తంతు. నాలుగో రోజు ఆమెకే విసుగొచ్చింది.

"ఎందుకయ్యా అంత తిప్పలు? దేవుడు పుట్టింది పశువుల కొట్టంలోనేగా? పేడ పక్కన పడుకున్న పసిబిడ్డకి నా చేతులు ఓ లెక్కా? ఆ రోజే ఆయన ముక్కు అలవాటు పడిపోయుంటది."

గుమ్మం దగ్గర అందరూ గొల్లుమన్నారు. గెరావు నవ్వలేదు. లోపలికి వెళ్ళి ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు పెట్టి ఒక పుట నిండా రాశాడు. మర్నాడు చదివితే గుమ్మం దగ్గర అందరూ "ఉంచు" అన్నారు. ఆయన పుస్తకం మొత్తంలో ఆయనకి ప్రాణమైన పుట అది. చర్చి గడప తొక్కలేని ఆడవాళ్ళకి తాను చెప్పాలనుకున్నదంతా అందులోనే ఉందని ఆయన నమ్మకం.

పుస్తకం పూర్తయింది. నకళ్ళు తీయాలంటే మఠాధిపతి ఫ్రా దల్మావు ఒప్పుకోవాలి. చెడ్డవాడు కాదు గానీ, మడత నలగని మనిషి. ఆ పుట దగ్గర ఆయన వేలు ఆగిపోయింది.

"ముక్కు అలవాటు పడిందని ఏ గ్రంథంలో ఉంది గెరావూ?"

ఎవరో ఒక పాతకాలపు మహాత్ముడి పేరు చెబితే గండం గడిచిపోయేది. వెతికి చూసే ఓపిక ఎవరికీ లేదు. గెరావుకి వంద పేర్లు నోటికొచ్చు.

"గ్రంథంలో లేదు. పేగులు కడిగే సౌరీనా చెప్పింది."

దల్మావు పుస్తకం మూసేశాడు. "మిగతాదంతా బాగుంది. ఈ పుట గీకేసెయ్. లేదంటే పుస్తకం మొత్తం పెట్టెలోకి పోతుంది."

గెరావు నడుముకున్న తాడులో, సన్యాసంలో చేరేటప్పుడు చేసిన మూడు ప్రతిజ్ఞలకి గుర్తుగా, మూడు ముడులు. మూడోది విధేయత. చాలాసేపు దాన్ని వేళ్ళతో తడుముతూ నిలబడ్డాడు. తర్వాత రాసిన చేత్తోనే కత్తి పట్టుకుని ఆ పుట అక్షరం అక్షరం గీకేశాడు. మర్నాడు గుమ్మం దగ్గర ఆయన సౌరీనా వైపు చూడలేకపోయాడు.

"కత్తికి పదునెక్కువైందంటగా అయ్యా," అంది ఆమె.

పుస్తకం ఊళ్ళు తిరిగింది. బార్సిలోనా వర్తకుల భార్యలు కూడా చదివించుకున్నారు. పేరొచ్చింది, పెద్దల పిలుపులొచ్చాయి. ఎవరు మెచ్చుకున్నా గెరావు తల ఊపి ఊరుకునేవాడు. అవసరమైనవాళ్ళకి అవసరమైన పుట అందలేదన్న ముల్లు ఆయన్ని ఇరవై ఏళ్ళు గుచ్చుతూనే ఉంది.

డెబ్బై దాటాక జ్వరం పట్టుకుంది. చూపు పోయింది. తమ సంఘాన్ని స్థాపించిన మూలపురుషుడిలా కటిక నేల మీద పడుకుని కన్నుమూయడం ఆ సన్యాసుల ఆచారం. తోటివాళ్ళు ఆయన్ని మంచం మీంచి దించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేల మీద అని ఉంది గానీ ఏ నేల మీదో ఎక్కడా లేదు. నన్ను గుమ్మం దగ్గర పడుకోబెట్టండి."

దల్మావు కాదనలేకపోయాడు. మఠం లోపలికి ఆడవాళ్ళు అడుగుపెట్టకూడదు. గుమ్మం దగ్గరికైతే రావచ్చు. మిట్టమధ్యాహ్నం, పులుసు వేళకి గెరావుని అక్కడ మట్టిలో పడుకోబెట్టారు. సన్యాసులు లాటిన్‌లో కీర్తనలు మొదలుపెట్టారు. ముసలి సౌరీనా ఏటి దగ్గర నుంచి తడి చేతులతోనే వచ్చి, మొదటిసారిగా దగ్గరగా కూర్చుంది. ఎవరూ జరగలేదు.

"సిరా మరకలు, అయ్యా," అంది ఆయన చేతులు పట్టుకుని. "నా చేతులకంటే అధ్వాన్నంగా ఉన్నాయి."

తర్వాత, కీర్తనలు ఆగిన సందులో, గీకేసిన పుటని మొదటి మాట నుంచి అప్పజెప్పసాగింది. ఆమె వెనక ఏట్లో పనిచేసే ఆడవాళ్ళు ఇరవై మంది దాకా గొంతు కలిపారు. అందులో సగం మంది పుస్తకం బయటికొచ్చాక పుట్టినవాళ్ళు. దల్మావు విన్నాడు, ఆపలేదు.

ముక్కు అలవాటు పడిందన్న చోట పుట అయిపోయింది గానీ వాళ్ళు ఆగలేదు. "వెళ్ళేటప్పుడు చేతులు కడుక్కోవాలని కూర్చోకు. అక్కడ నీళ్ళు ఆయనే పోస్తాడు."

గెరావు చూపులేని కళ్ళు తెరిచాడు. "ఇది నేను రాయలేదే."

"మీరు రాయలేదు," అంది సౌరీనా. "మేమే కలుపుకున్నాం. ఉంచమంటారా, తీసేయమంటారా?"

ఆయన పెదవులు కదిలాయి. వినడానికి దల్మావు కూడా మట్టిలో మోకరిల్లి వంగాల్సొచ్చింది.

"ఉంచండి," అన్నాడు గెరావు.