పడుగుకు అటువైపు నడిచిన సారు

సారు పోయారని తెలిసినప్పుడు నేను నకిరేకల్ బస్టాండులో నల్లగొండ బస్సు కోసం నిలబడి ఉన్నాను. పాలిటెక్నిక్‌లో నాతో చదివిన స్నేహితురాలు ఫోన్ చేసింది. "సారు పోయిండే! పొద్దుగాల చాయ్ తాగి కూసున్నడట. కూసున్నకాడనే..." అని ఆగిపోయింది. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు. ఏడుపు కూడా వెంటనే రాలేదు. ముందు భయం వచ్చింది. సారుకు చెప్పాల్సిన మాట ఒకటి రెండేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. ఇక దాన్ని ఎవరికి చెప్పను?

ఆయన మాకు కంప్యూటర్ పాఠాలు చెప్పారు. రామన్నపేట దగ్గరి నేత కుటుంబంలో పుట్టి, చదువుకుని నల్లగొండ చేరిన మనిషి. ఇంటి ముందరి గదిలో ఒక పక్క మగ్గం, ఇంకో పక్క ఆయన కంప్యూటర్. మగ్గం మీద అమ్మ కూర్చునేది. సారు భార్యను మేమంతా అమ్మ అనే పిలిచేవాళ్లం. మగ్గం చప్పుడు ఆగితే సారు పని కూడా ఆగేది. "ఏందే, పోగు తెగిందా?" అని తల తిప్పకుండానే అడిగేవారు. "తెగితె నేను కట్టుకుంట, నీ పని నువ్వు చూస్కో" అనేది అమ్మ.

పాఠాలు కాక ఆయన చేసే ఇంకో పని సంగతి వీధిలో ఎవరికీ తెలియదు. ఎందరో ఉచితంగా వాడుకునే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాన్ని చిన్న చిన్న మాడ్యూళ్లుగా విడదీసి, ఎక్కడెక్కడి వాళ్లో జీతం లేకుండా బాగుచేస్తుంటారు. అడిగిన పేజీ దొరకనప్పుడు 'లేదు' అని చెప్పే మాడ్యూల్ సారు చేతిలో ఉండేది. చదువయ్యాక నన్నూ అందులోకి లాగారు. నేను నకిరేకల్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ఆదివారం వస్తే నల్లగొండ బస్సెక్కేదాన్ని.

లేదు అని చెప్పడం కూడా ఒక పనా అనుకుంటారేమో, నేనూ అలాగే అనుకున్నాను. ఎవడో అడ్రసు గడిలో ఏదో రాస్తాడు. ఆ పేజీ లేదని చెబుతూ సర్వర్ అతను రాసిన మాటనే తిరిగి చూపిస్తుంది. ఆ మాటలో ఓ ఆజ్ఞ దాచి ఉంటే, చూసేవాడి బ్రౌజర్ అది సర్వర్ చెప్పిందే అనుకుని పాటిస్తుంది. లోపల లాగిన్ అయి ఉన్న మనిషి గుర్తింపును ఎత్తుకుపోవడానికి ఆ కాస్త చాలు. అందుకే బయటి నుంచి వచ్చిన ప్రతి మాటలోని గుర్తులనూ విరిచి, చదవడానికే తప్ప నడవడానికి పనికిరాకుండా చేయాలి. సారు దీన్ని ఒక్క ముక్కలో చెప్పేవారు. "బయటి మాటను లోపటికి తేవద్దంటలేను. మాట లెక్క తేవాలె, హుకుం లెక్క తేవద్దు."

అలా దూరడానికి కోడులో బొక్క ఉందో లేదో పరీక్షించడానికి ఆయన వాడే ఆజ్ఞ కూడా ఆయనలాగే ఉండేది. బొక్క ఉంటే తెర మీద చిన్న పెట్టె లేచి "ఎవలు?" అని అడిగేది. నా మొదటి ప్రయత్నంలో ఆ పెట్టె ఏడుసార్లు లేచింది. "పిల్లా, నీ కోడు మా పక్కింటి మేక లెక్కున్నది. ఎవ్వలు పిలిచినా పోతది" అన్నారు. కోపమొచ్చి ఆ పూట చాయ్ తాగకుండా వెళ్లిపోయాను. నా కోపం అంత చవక.

ఆయన పని చేసే పద్ధతి వాళ్ల వాడకట్టు నుంచి వచ్చింది. చిన్నప్పుడు తెల్లారగట్ల పడుగును, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులను, వీధి పొడుగునా చాపి, గంజి పెట్టి, ఇటొకరు అటొకరు నడుస్తూ తెగిన పోగులు కట్టేవారట. ఇటువైపు మనిషికి ఇటు పోగులే కనిపిస్తాయి. అటు సంగతి అటువాడిదే, మధ్యలో అడిగేది ఉండదు. మా పనీ అంతే. "నువ్వు మాట లోపటికొచ్చే దిక్కు చూడు, నేను బయటికి పోయే దిక్కు చూస్త. నడుమ కలుద్దం" అనేవారు. కలిశాక ఒకటే ప్రశ్న, "అన్నీ చూసినవా?" చూసిన అంటే సరే, సంతకం పెట్టేవారు. మళ్లీ తిరగేసి చూడడం ఆయన లెక్కలో అవతలి మనిషిని అవమానించడం.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం అచ్చంపేటలో మా చిన్నమ్మ కూతురి పెళ్లికి పోవాలి. నా మనసంతా బస్సు మీదే ఉంది. బయటి మాట వచ్చే దారులు మూడు. రెండు చూశాను. మూడోది, మనిషి ఏ పేజీ నుంచి వచ్చాడో చెప్పే చిరునామా. 'వెనక్కి వెళ్లండి' అనే చోట మాడ్యూల్ దాన్ని చూపిస్తుంది. అది నా వైపే శుభ్రమై వస్తుందని సారు నమ్మకం. నేను దాన్ని ముట్టుకోనే లేదు.

"అన్నీ చూసినవా?"

"చూసిన సార్."

"సరె, పో పిల్లా, బస్సు పోతది."

అయిదు వారాలు తిరక్కుండానే ఎవరో అపరిచితుడు ఆ మూడో దారిలోంచి దూరి చూపించి, అందరూ చదివే చోట రాశాడు. నేను చదివేసరికే దాని కింద సారు జవాబు ఉంది: "ఇది నేను చూసి సంతకం పెట్టిన పని. చూడాల్సింది చూడలేదు. తప్పు నాది." అంతే. ఆ రోజే సరిదిద్దారు కూడా. కానీ ఆ తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ బాగుచేసే గుంపువాళ్లు ఒక నియమం పెట్టారు. సారు సంతకం ఒక్కటే ఇక చాలదు, దాని మీద ఇంకొకరు చూడాలి. ఎన్నో ఏళ్లుగా ఆయన మాటే చాలిన చోట! ఆయన మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. నేనూ మాట్లాడలేదు.

మరుసటి ఆదివారం ఏ ముఖం పెట్టుకుని వెళ్లానో! ఒక్క మాట తిట్టినా నేను ఏడ్చి చెప్పేసేదాన్ని. ఆయన తిట్టలేదు. కుర్చీ జరిపి, "నువ్వు వచ్చే దిక్కు చూడు" అన్నారు, ఎప్పటిలాగే. ఆ రోజు నుంచి నేను ప్రతి దారినీ మూడేసి సార్లు చూశాను. పని బాగుచేసుకుంటే చాలు, మాట చెప్పక్కర్లేదని నన్ను నేనే మభ్యపెట్టుకున్నాను.

పోయిన నెల ఆయన్ను దవాఖానలో చేర్చినప్పుడు వెళ్లాను. చెప్పాలనే వెళ్లాను.

"ఏదో చెప్పనీకొచ్చినట్టున్నవ్?" అన్నారు.

"ఏం లేదు సార్, ఊకెనే వచ్చిన."

ఆయన కాసేపు నా వైపే చూసి, "మంచిది" అని కళ్లు మూసుకున్నారు. ఇంటికి తిరిగొచ్చాక పది రోజులు కూడా ఉండలేదు.

దినాలు అయ్యాక ఆ గుంపుకు ఉత్తరం రాశాను. చూడనిది నేను, చూశానని అబద్ధం చెప్పింది నేను, ఆయన తన వైపు అంతా సరిగ్గానే చూశారు అని. అవతలివాళ్లు మర్యాదగానే జవాబిచ్చారు. ఆ నియమం తీసేస్తామన్నారు. ఎవరి కోసం తీస్తారు ఇప్పుడు?

ఆదివారం నల్లగొండ వెళ్లాను. అమ్మ ముందు కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. అంతా విని అమ్మ చీర కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకు గా కంప్యూటర్ ముచ్చట ఏం ఎరుక బిడ్డా. గది బయటవడ్డ దినమైతె యాదికున్నది. అన్నం కలుపుకొని, తినకుంట చెయ్యి కడుక్కున్నడు. ఏమైందయ్యా అంటె, 'పిల్ల చూడలే. బుగులు పడి చెప్తలేదు. గదే వచ్చి చెప్తది, నువ్వేం అడగకు' అన్నడు."

అమ్మ గేటు వైపు చూసింది.

"అప్పటిసంది ఐతారం ఐతారం నువ్వు పోయినంక గేటు పెట్టొచ్చి గీడ కూసునేటోడు. 'ఇయ్యాల గూడ చెప్పలే' అనేటోడు. గంతే, ఇంకో మాట అనకపోతుండె."

అమ్మ లేచి లోపలికి వెళ్లి కంచంలో అన్నం, పప్పు పెట్టుకొచ్చింది. "ఎప్పుడు తిన్నవో ఏమో, తిను" అని నా ఎదురుగానే కూర్చుంది. కలిపాను. ముద్ద చేతిలో ఉంది. అది చల్లారేదాకా అమ్మ అక్కడి నుంచి లేవలేదు.